సింగపూర్ చైనీస్ ఆర్కెస్ట్రా వల్ల మామూలు జనానికి ఏం ఒరుగుతుంది? మన పిల్లలకు అందులో చోటుందా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హైదరాబాద్ నుంచి వచ్చి రెండేళ్ళయింది, పాప ప్రైమరీ 3లోకి వచ్చింది, స్కూల్లో సీసీఏ (చదువుతో పాటు చేసే కార్యకలాపం) కింద చైనీస్ ఆర్కెస్ట్రాలో పేరు వచ్చింది, ఇంట్లో మాత్రం చిన్నప్పటి నుంచి కర్ణాటక వయొలిన్ నేర్పిస్తున్నారు. మీరు అడిగింది ఇదీ: ప్రభుత్వం డబ్బు పెట్టి మరీ ఒక పూర్తిస్థాయి చైనీస్ ఆర్కెస్ట్రాను ఎందుకు నడుపుతోంది, టికెట్ కొని హాలుకు వెళ్ళని మామూలు మనిషికి దానివల్ల ఏం ఒరుగుతుంది, చైనీస్ కాని మనలాంటి వాళ్ళకు అందులో చోటుందా అని.

సూటిగా చెప్పేస్తాను. ఒరుగుతుంది, బాగానే ఒరుగుతుంది. మీ పాపకు చోటు కూడా ఉంది, చేర్పించండి. అయితే ఆ లాభం కళ్ళతో చూడాలంటే మీ బ్లాకు కింద వాయిడ్ డెక్‌లో (ఫ్లాట్ల కింద ఖాళీగా వదిలిన అంతస్తులో) చూడాలి, మీ పేట కమ్యూనిటీ క్లబ్‌లో చూడాలి, స్కూలు మ్యూజిక్ రూమ్‌లో చూడాలి. జీతం తీసుకుని వాయించే 80 మంది ఒకచోట ఉండబట్టే, జీతం లేకుండా సరదాకి వాయించే వేల మందికి ఇక్కడ గురువులు దొరుకుతున్నారు, స్వరపత్రాలు దొరుకుతున్నాయి, పిల్లలకు 'అదిగో, అక్కడిదాకా వెళ్ళొచ్చు' అని చూపించడానికి ఒక మెట్టు కనిపిస్తోంది. నన్నడిగితే దాని అసలు పని అదే.

నేను ఎవరినో చెప్పాలి కదా. రాజమండ్రిలో పదేళ్ళు వయొలిన్ నేర్చుకుని, ఉద్యోగం మీద 2006లో ఇక్కడికి వచ్చాను. 2010 నుంచి మా పేట కమ్యూనిటీ క్లబ్ చైనీస్ ఆర్కెస్ట్రాలో ఎర్హు (విల్లుతో వాయించే రెండు తీగల చైనీస్ వాయిద్యం) వాయిస్తున్నాను. కొన్నేళ్ళుగా స్వరపత్రాలు చూసుకునే బాధ్యత, కొత్తగా చేరినవాళ్ళకు మొదటి మూడు నెలలు విల్లు పట్టుకోవడం నేర్పే బాధ్యత కూడా నాదే. నా జీతం వేరే ఆఫీసు నుంచి వస్తుంది, సంగీతం మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు. అంటే ఆ పెద్ద ఆర్కెస్ట్రాకి కింద ఉన్న మనిషిగా, దానివల్ల నేరుగా లాభపడ్డ మనిషిగా మాట్లాడుతున్నాను.

ముందు ఒక అపోహ తీసేయాలి. చైనీస్ ఆర్కెస్ట్రా అనగానే వేల ఏళ్ళ నాటి రాజదర్బారు సంగీతం అనుకుంటాం. వాయిద్యాలు పాతవే, కానీ ఇలా వరుసల్లో కూర్చుని, ముందు కండక్టర్ నిలబడి, అందరూ కాగితం చూసి వాయించే పద్ధతి 20వ శతాబ్దంలో పుట్టింది. 1920ల్లో షాంఘైలో మొదలైన ప్రయత్నాలు, 1935లో నాన్జింగ్ రేడియోలో ఒక బృందం, 1953లో బీజింగ్ రేడియో కోసం ఇంకా పెద్ద బృందం. పాశ్చాత్య సింఫనీ చూసి తమ వాయిద్యాలను అలా సర్దుకున్నారు. విల్లుతో వాయించేవి ఒక వైపు: గావోహు, ఎర్హు, జోంగ్‌హు. మీటేవి మధ్యలో: పీపా, లియుచిన్, రువాన్, వాటితో పాటు మన సంతూర్‌లా కర్రలతో కొట్టే యాంగ్‌చిన్. ఊదేవి వెనక: డిజీ వేణువు, షెంగ్, సువోనా. ఆ వెనక తప్పెట్లు, తాళాలు, గంటలు. కింది స్వరాలకు సరైన వాయిద్యం లేక చాలా చోట్ల పాశ్చాత్య చెల్లో, డబుల్ బేస్ కూడా పెట్టుకున్నారు, సింగపూర్‌లోనూ అంతే. కాబట్టి మీ పాప చేరబోయేది మార్చడానికి వీల్లేని పవిత్ర సంప్రదాయం ఏమీ కాదు, ఇంకా రూపుదిద్దుకుంటున్న సంగీతం. బయటివాళ్ళకు చోటు దొరకడానికి అది కూడా ఒక కారణం.

ఇక్కడి కథ ఇంకా వేరు. చైనా నుంచి వలస వచ్చినవాళ్ళు ఊరిని బట్టి, యాసను బట్టి సంఘాలు పెట్టుకున్నారు, ఆ సంఘాల్లోనే పాట, ఆట. తియోచ్యూ యాస వాళ్ళ ఎర్ వూ సంఘం 1912 నాటిది, హొక్కియెన్ యాస వాళ్ళ నాన్‌యిన్ సంగీతం కోసం సియోంగ్ లెంగ్ సంఘం 1941లో పెట్టారు. రెండూ ఇప్పటికీ ఉన్నాయి. అంటే జీతాల ఆర్కెస్ట్రా రాకముందే జనం తమ డబ్బుతో, తమ తీరికలో వాయించుకుంటున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక 1968లో పీపుల్స్ అసోసియేషన్ (కమ్యూనిటీ క్లబ్బులు నడిపే ప్రభుత్వ సంస్థ) ఒక చైనీస్ ఆర్కెస్ట్రా పెట్టింది, 1974లో అది వృత్తి బృందమైంది. ఆ తర్వాత అప్పటి ప్రధాని గో చోక్ టోంగ్ చొరవతో అదే జాతీయ స్థాయికి పెరిగి, 1997 నుంచి ఇప్పుడున్న సింగపూర్ చైనీస్ ఆర్కెస్ట్రాగా కచేరీలు చేస్తోంది. ఈ క్రమం గమనించండి: ముందు పేట, తర్వాత వేదిక. పునాది జనంలో ఉంది కాబట్టే ఆ ఆర్కెస్ట్రా జనం దగ్గరికి వెళ్ళినప్పుడు చుట్టపుచూపుగా వచ్చినట్టు ఉండదు.

దాని హాలు గురించి రెండు మాటలు చెప్పాలని ఉంది. షెంటన్ వే మీద సింగపూర్ కాన్ఫరెన్స్ హాల్, 2001 నుంచి ఆర్కెస్ట్రాకి అదే ఇల్లు. 1965లో, దేశం విడిగా ఏర్పడ్డ సంవత్సరంలోనే, కార్మిక సంఘాల భవనంగా తెరిచారు, 2010లో జాతీయ స్మారకంగా ప్రకటించారు. లోపల గోడల మీద, నేల మీద ఉన్న నమూనాలు చూడండి, మలయ్ వాళ్ళు అల్లే చాపల డిజైన్లు అవి. మలయ్ చాప డిజైన్ ఉన్న కార్మికుల భవనంలో చైనీస్ ఆర్కెస్ట్రా! మొదటిసారి వెళ్ళినప్పుడు నేను కచేరీ మొదలయ్యేదాకా ఆ గోడలే చూస్తూ నిలబడ్డాను.

ఇక అసలు విషయం, జీతం ఎందుకు ముఖ్యం అనేది. మన దగ్గర నాదస్వరం, డోలు వాయించేవాళ్ళను తలుచుకోండి. గుడిలో ఉద్యోగం ఉన్న కొద్దిమంది తప్ప మిగతా అందరికీ పెళ్ళిళ్ళ సీజనే ఆధారం. ఆషాఢం వస్తే పని లేదు, మూఢం వస్తే పని లేదు. ఇంత విద్య ఉన్న మనిషి పిల్లలకు నేర్పడానికి ఏటా కొన్ని నెలలు ప్రశాంతంగా కూర్చోగలడా? కొడుకుని అదే పనిలో పెట్టమంటే ధైర్యం చేస్తాడా? ఇక్కడ 80 మందికి పైగా వాయిద్యకారులకు నెల జీతం ఉంది. పగలు రిహార్సల్, వారాంతం కచేరీ, మిగిలిన సాయంత్రాల్లో వాళ్ళలో చాలామంది స్కూళ్ళలో, కమ్యూనిటీ క్లబ్బుల్లో, ఇళ్ళలో పాఠాలు చెప్తారు. అంటే జీతం అందేది 80 మందికే అయినా ఆ విద్య వందల గదుల్లోకి పారుతోంది.

మా క్లబ్‌కి వచ్చే లావ్‌షీ కూడా (గురువుని ఇక్కడ అందరూ అలాగే పిలుస్తారు) అలా వృత్తిగా వాయించే మనిషే. ఆవిడ వచ్చిన మొదటి వారం నాకు బాగా గుర్తుంది. మేం ఒక కష్టమైన ముక్క పట్టుకుని కుస్తీ పడుతున్నాం. ఆవిడ పది నిమిషాలు విని, పుస్తకాలు మూయించి, గంటసేపు ఖాళీ తీగ మీద విల్లు మాత్రమే లాగించింది. పద్దెనిమిది మంది, ఒకే స్వరం, గంట. మా వరుస చివర కూర్చునే అంకుల్ రిటైరైన టాక్సీ డ్రైవర్, 71 ఏళ్ళు, అప్పటికి ముప్పై ఏళ్ళుగా వాయిస్తున్నాడు. ఆవిడ ఆయన వెనక నిలబడి, మణికట్టు కింద రెండు వేళ్ళు ఆనించి 'ఇక్కడ వదలండి అంకుల్' అంది. ఆయన వదిలాడు. ముప్పై ఏళ్ళుగా కీచుమంటున్న తీగ ఒక్కసారి గొంతు మార్చుకుంది. ఆయన విల్లు ఆపి దానివైపు చూసుకున్నాడు, మళ్ళీ లాగాడు, మళ్ళీ చూసుకున్నాడు. ఆ శుక్రవారం రాత్రి ఆయన మాతో పాటు టీ తాగడానికి రాలేదు, ఇంటికెళ్ళి వాయించుకోవాలి అన్నాడు. పైస్థాయిలో వాయించే మనిషి చెయ్యి పేటలో ఒక పెద్దాయన మణికట్టు దాకా రావడం, నాకు తెలిసి సమాజానికి ఆర్కెస్ట్రా చేసే మేలు అంటే ఇది.

ఆర్కెస్ట్రా నేరుగా జనం మధ్యకు కూడా వస్తుంది. బొటానిక్ గార్డెన్స్‌లో, పార్కుల్లో ఉచిత కచేరీలు, పేటల్లో కమ్యూనిటీ కచేరీలు, స్కూలు పిల్లలకూ మరీ చిన్నపిల్లలకూ వేరే కచేరీలు, మదర్స్ డేకి ప్రత్యేక కచేరీ. పెద్ద ఎత్తున చేసినవి కూడా ఉన్నాయి. 2004లో జాతీయ దినోత్సవానికి ఇండోర్ స్టేడియంలో 2,400 మందికి పైగా స్థానిక కళాకారులతో కలిసి వాయించారు. 2014 జూన్‌లో కొత్త నేషనల్ స్టేడియంలో 4,557 మంది పాల్గొన్నారు, గిన్నిస్ రికార్డు కూడా వచ్చింది. రికార్డు సంగతి పక్కన పెట్టండి. మా క్లబ్ నుంచి వెళ్ళినవాళ్ళలో నేనూ ఉన్నాను. నాకు గుర్తున్నది ఆ కచేరీకి ముందు నెలలే: ప్రతి స్కూలుకీ, ప్రతి క్లబ్‌కీ ఒకే స్వరపత్రాలు వెళ్ళాయి, ఎక్కడెక్కడి గదుల్లోనో పిల్లలూ ముసలివాళ్ళూ ఒకే ముక్కను ఒకే వేగంతో సాధన చేశారు. స్టేడియంలో నా ఎడమవైపు ఓ సెకండరీ స్కూల్ అమ్మాయి, కుడివైపు ఎవరో బ్యాంకు ఉద్యోగి, ముగ్గురం ఎప్పుడూ కలిసి వాయించలేదు, అయినా మొదటి ఎత్తుగడే కలిసింది. ప్రొఫెషనల్ ఆర్కెస్ట్రా అనే వెన్నెముక లేకుండా మా క్లబ్బులన్నీ కూడబలుక్కుని అలాంటిది చేయగలిగేవి కావు.

ఇప్పుడు కాస్త లోతుగా చెప్పాల్సిన సంగతి. ఇక్కడి చైనీస్ కుటుంబాల్లో భాష విషయంలో ఒక తెగిన దారం ఉంది, బయటి నుంచి వచ్చిన మనకు వెంటనే తెలియదు. ఇప్పటి తాతమ్మలు హొక్కియెన్, తియోచ్యూ, కాంటనీస్ లాంటివి మాట్లాడుతూ పెరిగారు. 1979లో మాండరిన్ మాట్లాడండి అని ప్రభుత్వం ఉద్యమం మొదలుపెట్టాక టీవీలోంచి, రేడియోలోంచి ఆ భాషలు క్రమంగా పోయాయి. మనవలు ఇంగ్లీషు, స్కూలు మాండరిన్. ఒకే టేబుల్ మీద అన్నం తింటూ పెద్దగా మాట్లాడుకోలేని మనుషులు ఉన్నారు ఇక్కడ.

కొన్నేళ్ళ కిందట, చైనీస్ న్యూ ఇయర్ అయిన వారంలో, మేం తొమ్మిది మందిమి ఒక వృద్ధాశ్రమానికి వెళ్ళి వాయించాం. మాతో యాంగ్‌చిన్ వాయించే అమ్మాయికి పదిహేనేళ్ళు. వాళ్ళ తాతమ్మ అక్కడే ఉంటుంది, చక్రాల కుర్చీలో ముందు వరుసలో కూర్చోబెట్టారు. లావ్‌షీ ఓ పాత తియోచ్యూ వరుసను తన సంఘంలోని పెద్దవాళ్ళ దగ్గర విని, మాకోసం కాగితం మీద పెట్టి ఇచ్చింది, అది ఎత్తుకున్నాం. సగం అయ్యేసరికి ఆ పెద్దావిడ కుర్చీ చెయ్యి మీద అరచేత్తో గట్టిగా కొట్టడం మొదలుపెట్టింది. మాతో కలవని దెబ్బ. ఇబ్బందిగా ఉందేమో అనుకుని ఆపాం. ఆవిడ తియోచ్యూలో ఏదో గట్టిగా అంది. పిల్లకు అర్థం కాలేదు. మా టాక్సీ అంకుల్ నవ్వి మాండరిన్‌లో చెప్పాడు: 'ఇది నడిచే పాట, మీరు పరిగెడుతున్నారు అంటోంది.' ఆ అమ్మాయి ఏమీ మాట్లాడకుండా కర్రలు ఎత్తి, ఈసారి మా ఎవరి వైపూ చూడకుండా ఆ అరచెయ్యి వైపే చూస్తూ మొదలుపెట్టింది. మేం ఆ పిల్ల వెనక వెళ్ళాం. వేగం దాదాపు సగానికి తగ్గింది, పాట మారిపోయింది. పాటంతా అయ్యాక తాతమ్మ ఒక్క మాట అంది, దానికి మాత్రం అనువాదం అవసరం పడలేదు.

మాతృభాషగా మన పిల్లలకు ఇక్కడి స్కూళ్ళలో తెలుగు లేదు, హిందీనో తమిళమో తీసుకుంటారు. ఊళ్ళో అమ్మమ్మతో వీడియో కాల్‌లో రెండు ముక్కలకు మించి మాట్లాడని పిల్లలు మన ఇళ్ళల్లోనూ ఉన్నారు. అందుకే ఆ రోజు ఆ గదిలో అందరికంటే ఎక్కువ కదిలిపోయింది నేనేనేమో. ఇంటికొచ్చి మా అబ్బాయికి మా అమ్మ పాడే లాలిపాట వరుస ఎర్హు మీద వాయించి వినిపించాను.

అయితే నాకు నచ్చని విషయాలు కూడా దాచకుండా చెప్పాలి.

ఒకటి, పోటీల పిచ్చి. స్కూళ్ళకు రెండేళ్ళకోసారి సింగపూర్ యూత్ ఫెస్టివల్ ప్రదర్శన ఉంటుంది, దానికి గ్రేడు వస్తుంది. నాకు తెలిసిన ఒక స్కూల్లో ఏడాది పొడుగునా ఒకే ముక్క వాయించారు. అందులో ఒక పాప ఆ తర్వాత మా క్లబ్‌లో చేరింది. ఆ ముక్క కళ్ళు మూసుకుని వాయిస్తుంది, కొత్త కాగితం ఇస్తే మొదటి రెండు వరుసలు చదవలేకపోయింది, ఏడ్చేసింది కూడా. తప్పు పిల్లది కాదు. మీరు స్కూల్ వాళ్ళను ఒక్కటే ప్రశ్న అడగండి: ఏడాదిలో ఎన్ని కొత్త ముక్కలు నేర్పుతారు? జవాబు వినగానే మీకే తెలిసిపోతుంది.

రెండోది న్యాయం. ఈ దేశంలో జీతాలిచ్చి నడిపే పూర్తిస్థాయి ఆర్కెస్ట్రాలు అంటే 1979లో వచ్చిన సింఫనీ ఆర్కెస్ట్రా, ఈ చైనీస్ ఆర్కెస్ట్రా. భారతీయ వాద్యాలకు పీపుల్స్ అసోసియేషన్ కింద 1985 నుంచి సింగపూర్ ఇండియన్ ఆర్కెస్ట్రా అండ్ క్వాయర్ ఉంది, మలయ్ వాద్యాలకు ఆర్కెస్ట్రా మెలాయూ సింగపుర ఉంది. మంచి బృందాలు, ప్రేమతో నడుస్తున్నాయి, కానీ వాయించేవాళ్ళు ఎక్కువగా వేరే ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు. జనాభాలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది చైనీస్ కాబట్టి అలా ఉంది అంటే లెక్క అర్థమవుతుంది, కానీ ఒక వీణ కళాకారుడికో గాంబుస్ (మలయ్ తీగ వాయిద్యం) కళాకారుడికో నెల జీతం ఉంటే ఆ పేటల్లోకి విద్య ఎలా పారేదో నేను ఇక్కడ కళ్ళారా చూశాను కాబట్టి, ఆ లోటు నాకు లోటుగానే కనిపిస్తుంది. మన సంఘాలు ఈ మాట గట్టిగా అడగాలి.

దీనికి కొంత జవాబు ఆర్కెస్ట్రా తన సంగీతంతో ఇస్తోంది. 2002 నుంచి 2022 దాకా సంగీత దర్శకుడిగా ఉన్న త్సుంగ్ యే షాంఘైలో పుట్టి, అమెరికాలో పాశ్చాత్య ఆర్కెస్ట్రాను కూడా నడిపిన మనిషి. ఆయన హయాంలోనే 2006లో స్వరకర్తలకు అంతర్జాతీయ పోటీ పెట్టి, నాన్యాంగ్ ధోరణిలో, అంటే ఈ దక్షిణ సముద్రాల ప్రాంతపు మలయ్, ఇండోనేషియా లాంటి సంగీతాల రుచి కలిపి కొత్త రచనలు చేయించారు. ఇప్పుడు ప్రధాన కండక్టర్‌గా ఉన్న క్వెక్ లింగ్ కియోంగ్ ఇక్కడివాడే, తాళవాద్యకారుడిగా మొదలైన మనిషి. పిల్లల కోసం 2003లో పెట్టిన యూత్ ఆర్కెస్ట్రా కూడా ఉంది, ఇప్పుడు జాతీయ యూత్ చైనీస్ ఆర్కెస్ట్రా అంటున్నారు. మీ పాపకు పట్టు కుదిరితే ఎప్పటికైనా ఆడిషన్ ఇవ్వొచ్చు.

ఇక మీ పాప సంగతి. కర్ణాటక వయొలిన్ వచ్చిన పిల్లకు ఎర్హు చాలా దగ్గర, కొన్ని చోట్ల మాత్రం తిరగబడుతుంది. వయొలిన్‌లో తీగ కింద పలక ఉంటుంది, ఎర్హులో ఏమీ ఉండదు, వేలు గాలిలోనే తీగను నొక్కాలి. ఉన్నవి రెండే తీగలు, విల్లు వెంట్రుకలు ఆ రెండింటి మధ్యలో ఇరుక్కుని ఉంటాయి, విల్లును కింది నుంచి పట్టుకోవాలి. మొదటి రెండు నెలలు చేతికి గందరగోళంగా ఉంటుంది. కానీ జారు, గమకం అలవాటైన వేళ్ళకు ఎర్హు జారుడు మంచినీళ్ళ ప్రాయం, తోటి పిల్లలు ఏడాది కష్టపడేది మీ పాప వారాల్లో పట్టేస్తుంది. పైగా ఇక్కడ స్కూళ్ళలో చాలావరకు వాడేది అంకెల స్వరలిపి, జియెన్‌పు అంటారు. 1 2 3 అంటే స రి గ అనుకోండి. పై స్థాయికి అంకె మీద చుక్క, కింది స్థాయికి అంకె కింద చుక్క, అచ్చం మన సరళీ స్వరాల పుస్తకంలో లాగే. నాకు మొదటి రోజు ఆ కాగితం ఇచ్చినప్పుడు నేను మనసులో స రి గ అని పాడుకుంటూ చదివేశాను, పక్కనున్నవాళ్ళు ఇదివరకే వచ్చా అని అడిగారు. ఇక వాళ్ళ ఐదు స్వరాల పాటలు వింటే సగం మీ పాపకు మోహనంలా వినిపిస్తాయి, కొన్ని శుద్ధ ధన్యాసిలా. శ్రుతి, గమకాల తీరు వేరు, అది వేరే పాఠం, కానీ తలుపు తెరిచే ఉంది. రెండూ కలిస్తే వయొలిన్ పాడవుతుందేమో అని టెన్షన్ పడకండి. మొదటి ఏడాది ఒకే రోజు రెండూ సాధన చేయించకుండా ఉంటే చాలు.

మాండరిన్ రాకపోతే ఎలా అంటారా, స్కూల్లో ఎక్కువగా ఇంగ్లీషులోనే నడుస్తుంది. క్లబ్బుల్లో పెద్దవాళ్ళు మాండరిన్ మాట్లాడతారు, సంగీతానికి కావలసిన పదాలు ముప్పైకి మించవు. నాకు ఆరు నెలలు పట్టింది, పిల్లలకు అంత కూడా పట్టదు. ఈ పదిహేనేళ్ళలో 'నువ్విక్కడ ఎందుకు' అన్నట్టు చూసినవాళ్ళు ఒకరిద్దరు ఉన్నారు. 'తినేసి వెళ్ళు' అన్నవాళ్ళు లెక్కలేనంత మంది.

ఒక్క విషయం ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ఎర్హు మొహానికి బిగించేది కొండచిలువ చర్మం. నాగులచవితికి పుట్టలో పాలు పోసే ఇల్లు మాది, మా అమ్మ మొదటిసారి చూసి దాన్ని దేవుడి గదిలోకి తేవద్దంది, నేను తేలేదు. హాంకాంగ్ చైనీస్ ఆర్కెస్ట్రా చర్మం బదులు కృత్రిమ పొరతో ఎర్హులు తయారు చేసి ఏళ్ళుగా వాటినే వాడుతోంది, ఇంట్లో అభ్యంతరం ఉంటే అలాంటిది అడగొచ్చు. చర్మం ఉన్న ఎర్హుని దేశాలు దాటించాలంటే వన్యప్రాణి అనుమతి పత్రాలు కావాలి, అందుకని నేను ఇండియా వచ్చేటప్పుడు దాన్ని ఇక్కడే వదిలేస్తాను. మీరూ సెలవులకు వెళ్ళేటప్పుడు లగేజీలో పెట్టేయకండి. అదంతా ఎందుకు అనుకుంటే పీపా, రువాన్ లాంటి మీటే వాయిద్యాలు ఉన్నాయి, వాటికి చర్మం గొడవ లేదు.

చేర్పించే ముందు ఒకసారి పాపని కచేరీకి తీసుకెళ్ళండి. ఉచితంగా పార్కులో ఉన్నదైతే ఇంకా మంచిది, మధ్యలో లేవాలనిపిస్తే లేవొచ్చు. కాన్ఫరెన్స్ హాల్‌కే వెళ్తే మరీ ముందు వరుసలు కొనకండి, పై వరుసల్లో కూర్చుంటే ఎవరు ఎప్పుడు ఎత్తుకుంటున్నారో మొత్తం కనిపిస్తుంది. సువోనా మొదలైనప్పుడు పాప మొహం చూడండి, మన నాదస్వరం లాంటి గొంతు దానిది, రెండు పొరల పీక కూడా అలాంటిదే. ఇంటికొచ్చాక ఏ వాయిద్యం బాగుంది అని మీరు అడగొద్దు, తనంతట తను చెప్పేదాకా ఆగండి.

పాప ఏది ఎంచుకుందో ఇక్కడే రాయండి. ఎర్హు అయితే మొదటి రోజు నుంచే ఒక అలవాటు చేయించండి: వాయించడం అయ్యాక, పెట్టెలో పెట్టే ముందు, చర్మం పై అంచున తీగల కింద ఒక చిన్న పెన్సిల్ ముక్క దూర్చాలి, అప్పుడు కింద గుర్రం (తీగలను మోసే చిన్న చెక్క) మీద బరువు పడదు, చర్మం కుంగదు. ఇక్కడి ఉక్కపోతలో ఆ పెన్సిల్ ముక్క మర్చిపోయిన ఎర్హులు ఏడాదికే గొంతు పోగొట్టుకోవడం చూశాను. మా స్వరపత్రాల బీరువాలో ఒక డబ్బా నిండా అలాంటి ముక్కలు కోసి పెట్టాను, కావాలంటే శుక్రవారం వచ్చి తీసుకెళ్ళండి.